దొరబావిలో దొర ఒక్కడేనా?

గిద్దలూరు దాటి, దిగువమెట్ట మీదుగా నంద్యాలకు రైలులో వెళ్ళే మిత్రులు నల్లమలలో సుమారు కిలోమీటరున్నర పొడవైన సొరంగం గుండా సాగిపోతారు. అది బ్రాడుగేజి కోసం తొలిచిన కొత్త సొరంగం. 1990ల వరకు మీటరుగేజి బండ్లు నడిచిన దారి వేరు. ఆ దారిలో బొగద అనే స్టేషను, పాత సొరంగం, లోయమీద దొరబావి వంతెన ఉండేవి. గేజి మార్పుతో ఆ దారిని విడిచిపెట్టారు. వంతెన ఇనుమును విప్పుకుపోయారు. అడవిలో రాతి స్తంభాలు మిగిలాయి.

ముందు పేర్ల ముచ్చట. మరాఠీలో 'బోగదా' అంటే సొరంగమే. ఈ మార్గాన్ని నడిపిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ప్రధాన కార్యాలయం ధార్వాడలో ఉండేది. ఆ మాట కంపెనీవారి వెంటనే ఈ అడవికి వచ్చి ఉంటుందని నా ఊహ. అదే నిజమైతే 'బొగద సొరంగం' అనడం 'సొరంగపు సొరంగం' అనడమే. మన 'నడిసెంటరు'కు అన్నగారన్నమాట!

ఇక దొరబావి. పేరు వినగానే తెల్లదొర కళ్ళకు కడతాడు. 1884–87 మధ్య ఆ వంతెన కట్టారు. అప్పటికి ధాత కరువు గడిచి పదేళ్ళయినా నిండలేదు. 1876–78లో బళ్ళారి, కర్నూలు సీమలను ఊడ్చిపెట్టిన ఆ కరువు తరువాత, 1880 నాటి కరువు కమిషను రైలుదారులను విస్తరించమన్నది. ఆ సంకల్పంతో వేసిన దారులలో ఈ బళ్ళారి–కృష్ణా మార్గమొకటి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మన మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివే గదా! అంటే ఇది మన పూర్వులు పస్తులుండగా పుట్టిన దారి. ఆ లోయలో రాళ్ళు చెక్కినవారెవరు, తట్టలు మోసినవారెవరు? పేరులో దొర నిలిచాడు, కూలివాడు నిలువలేదు. వంతెన ప్రస్తావన వస్తే చాలు, 'ఆంగ్లేయుల నిర్మాణకౌశలం' అని మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. కౌశలమే, కాదనను. కాని అంతమాత్రమే చరిత్ర అంటే ఒప్పుకోలేను.

పాతదారిని వదలినందుకు నాకు పేచీ లేదు. బ్రాడుగేజి రాకపోతే ఈ ప్రాంతం మరింత వెనుకబడేది. బ్రిటనులోనూ 1963లో బీచింగ్ నివేదిక 2,363 స్టేషన్లు మూయమన్నది. అయితే అక్కడ మూతపడిన పల్లె స్టేషన్ల కథలను ఎన్నోచోట్ల ఆ ఊరివాళ్ళే రాసిపెట్టుకున్నారు. మన బొగదకు ఆ పని ఎవరు చేస్తారు? మీటరుగేజి కాలంలో అక్కడ పనిచేసిన గ్యాంగుమన్ నాడు ముప్ఫయ్యేళ్ళవాడైనా నేడు అరవై దాటినవాడు.

దిగువమెట్ట, చలమ, గాజులపల్లె వైపు మిత్రులారా, మీ ఇళ్ళలో అటువంటి పెద్దలుంటే ఒక పూట కూర్చోబెట్టి అడగండి. వానాకాలంలో బండి ఆ వంతెన మీద ఎంత మెల్లగా పోయేది? స్టేషనుకు తాగునీరు ఎక్కడినుంచి వచ్చేది? రాత్రివేళ లాంతరు పట్టుకొని ఒంటరిగా పట్టాల వెంట నడిచినప్పుడు దేనికి భయపడేవారు? వారు చెప్పింది చెప్పినట్లు, వారి మాటలోనే రాయండి. నావంటి పండితుల చేత మాత్రం దిద్దించకండి.