వాస్తవిక రచన: అమెరికాలోను, మన వీధిలోను

గత సంవత్సరము తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు 'మా ఇల్లు' అను వ్యాసము వ్రాసి మాకు చూపెను. అందలి మొదటి వాక్యములివి: "మా నాయిన రాత్‌పాళీకి పోతడు. మా అవ్వ ఇంట్ల కండెలు చుట్టుతది. సాంచా బందయితె మా చెల్లె లేస్తది." మేము ఎఱ్ఱ సిరా కలము తీసి సవరించితిమి. 'నాయిన' తండ్రిగారయ్యెను, 'రాత్‌పాళీ' రాత్రి విధియయ్యెను, 'సాంచా' మరమగ్గమయ్యెను. 'అవ్వ' యన్నచోట 'నాయనమ్మ' యని దిద్ది, వృద్ధురాలిచేత పని చేయించుట తగదని ప్రక్కన ఒక హితవాక్యమును గూడ చేర్చితిమి. మేము గోదావరి తీరమున, నాడు పొరుగు రాష్ట్రమైన ఉమ్మడి ఆంధ్రప్రదేశమున, ఉపాధ్యాయ శిక్షణ పొందినవారము. అచట మేమెఱిగిన అవ్వ ముసలమ్మయే. బాలుడు పుస్తకము తీసికొని, "అవ్వ అంటే అమ్మ సార్" అని మెల్లగా చెప్పి కూర్చుండెను. తరగతి యంతయు నవ్వెను. ఆ నవ్వు మా మీదనా, వాని మీదనా యనునది నేటికిని మాకు తేలలేదు.

ఆ దినములలోనే మేము పందొమ్మిదవ శతాబ్దపు అమెరికా వాస్తవిక రచయితలను మరల చదువుచుంటిమి. భివండి బడిలో అమెరికా సాహిత్యమేల యని తల్లిదండ్రులు కొందఱడుగవచ్చును. మా ఎఱ్ఱ సిరా చేసిన తప్పిదమును మాకు చూపినవారు వారే గనుక చెప్పుచున్నాము.

విలియం డీన్ హోవెల్స్ ఒహాయో రాష్ట్రమున ఒక ముద్రాపకుని కుమారుడు. తండ్రి ముద్రణశాలలో అక్షరములు కూర్చుచు పెరిగి, 1871 నుండి 1881 వఱకు 'అట్లాంటిక్ మంత్లీ' పత్రికకు సంపాదకుడయ్యెను. 1891లో వెలువడిన తన విమర్శ గ్రంథమున ఆయన ఒక మిడతను గూర్చి ముచ్చటించెను. గడ్డిలో దొరకిన నిజమైన మిడతను చూచి వ్రాయబోవు యువకునితో పెద్దలు, అది సామాన్యమైనది, దానిని విడువుమందురట. తీగతోను అట్టతోను చేసి రంగులు పూసిన మిడత తమ యొద్ద కలదనియు, అదియే కళ యనియు చెప్పుదురట. అట్టమిడతకు విసుగు పుట్టి జనులు నిజమైన మిడతను కోరు దినము వచ్చునని హోవెల్స్ ఆశ. ఈ పుటలు చదువుచుండగా మాకు ఆ తొమ్మిదవ తరగతి వ్యాసము గుర్తుకు వచ్చెను. బాలుడు ప్రాణమున్న మిడతను తెచ్చి మా బల్లమీద పెట్టగా, మేము దానిని తోలివేసి అట్టమిడతను వాని చేతికిచ్చితిమి.

మన వీధికి అన్నిటికంటె దగ్గఱగా నున్నది రెబెకా హార్డింగ్ డేవిస్ అను రచయిత్రి వ్రాసిన 'లైఫ్ ఇన్ ది ఐరన్ మిల్స్' అను కథ. 1861 ఏప్రిల్ నెలలో, రచయిత పేరు లేకుండ, అట్లాంటిక్ మంత్లీయందే అచ్చయ్యెను. ఆమె పెరిగినది వీలింగ్ అను ఇనుప కర్మాగారముల పట్టణము. ఆ పొగయే కథ నిండ నున్నది. కథానాయకుడు హ్యూ వుల్ఫ్ కొలిమి కూలివాడు. అతని బంధువు డెబొరా యను స్త్రీ నూలు మిల్లులో పన్నెండు గంటలు కండెల యొద్ద నిలిచి పని చేసి, రాత్రి వానలో తడియుచు అతనికి అన్నపుమూట తీసికొనిపోవును. మన ఊరి తల్లులకు ఈ నడక క్రొత్త కాదు. హ్యూ తీరిక దొరకినపుడు ఇనుము కరగించగా మిగిలిన చిట్టెముతో బొమ్మలు చెక్కును. ఒక రాత్రి కర్మాగారము చూడవచ్చిన పెద్దమనుష్యులు చీకటిలో చేతులు చాచిన స్త్రీ విగ్రహమును చూచి ఉలికిపడుదురు. ఈమెకేమి కావలెనని వారడుగగా, ఆకలిగా నున్నదని హ్యూ చెప్పును. అది అన్నపు టాకలి కాదు. వారు చర్చించుకొని, మెచ్చుకొని, బండియెక్కి పోవుదురు. ఆ పిమ్మట డెబొరా చేసిన యొక దొంగతనము హ్యూ తలకు చుట్టుకొని, అతడు చెరసాలలోనే మరణించును. ఈ కథను లోకము చాలకాలము మఱచిపోయెను. 1972లో ఒక స్త్రీల ప్రచురణ సంస్థ మరల అచ్చువేసిన తరువాతనే అది విశ్వవిద్యాలయములకెక్కెను.

మార్క్ ట్వేన్ పేరు మన పిల్లలు కొందఱు వినియేయుందురు. నండూరి రామమోహనరావుగారు టామ్ సాయర్‌ను, హకల్‌బెరీ ఫిన్‌ను తెలుగు చేసిరి. హకల్‌బెరీ ఫిన్ 1884లో ఇంగ్లండులోను, 1885లో అమెరికాలోను వెలువడెను. అందు కథ చెప్పునది బడి సరిగా పట్టని బాలుడు. వాని నోటిమాటయే పుస్తకపు భాష. ఇందు వాడిన మాండలికములు పలు విధములనియు, వానిని జాగ్రత్తగా వినియే వ్రాసితిననియు ట్వేన్ మొదటనే ఒక సూచన చేర్చెను. అయినను 1885లోనే కాంకర్డ్ పట్టణపు గ్రంథాలయము వారు ఇది మోటు పుస్తకమని తమ అలమారనుండి తొలగించిరి. ఆ గ్రంథాలయాధికారుల చేతిలోను ఎఱ్ఱ సిరా కలమే యుండెను కాబోలు!

ఇచట ఒక హెచ్చరిక అవసరము. యాస వ్రాసినంతమాత్రమున వాస్తవికత రాదు. ఆ కాలమున పల్లెవాని పలుకును నవ్వించుటకే వాడుకొన్న రచయితలు అమెరికాలో పలువురు. మన చలనచిత్రములును తెలంగాణపు పలుకును చాలకాలము హాస్యగాండ్రకును, దుర్మార్గులకును మాత్రమే కేటాయించినవి. మన పిల్లలు తమ ఇంటిమాటకు సిగ్గుపడుటలో ఆ చిత్రములకును కొంత పాలు కలదని మా యభిప్రాయము.

తెలుగువారికి ఈ మార్గము పరాయిది కాదు. హోవెల్స్ మిడత గ్రంథము వెలువడిన మరుసటి సంవత్సరము, 1892లో, విజయనగరమున గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము రంగస్థలమెక్కెను, 1897లో అచ్చయ్యెను, 1909లో ఆయనయే దానిని పెంచి, మార్చి వ్రాసెను. గిరీశము, మధురవాణి, బంట్రోతు, పూటకూళ్లమ్మ ఎవరి మాట వారు మాటలాడుదురు. కాని అది విజయనగరపు వీధి. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండల నుండి నేతపని వెదకుకొనుచు వచ్చి పద్మానగరమున కాపురమున్న మన కుటుంబముల మాట ఏ పుస్తకమున నున్నది? 1982లో బొంబాయి మిల్లులలో సమ్మె జరిగిన పిమ్మట అచటి నేతపని ఎంతయో భివండి సాంచాలకు తరలివచ్చెను. ఆ రాత్రుల చప్పుడు ఎవరు వ్రాసిరి? మరాఠీవారికి మిల్లు కార్మికుని ఇంట పెరిగిన నారాయణ్ సుర్వే యుండెను. 1966లో వెలువడిన ఆయన 'మాఝే విద్యాపీఠ్' మన పొరుగు పిల్లలకు పరిచితము. మన బడి అలమారలో మాత్రము సాంచాల నడుమ నడచిన తెలుగు నవల యొక్కటియు లేదు.

ఈ మాట తల్లిదండ్రుల సభలో చెప్పగా రెండు ఆక్షేపణలు వచ్చినవి. పరీక్షలో సాంచా యని వ్రాసిన మార్కులు పోవునని యొక తండ్రి అనెను. నిజమే. పరీక్షకును, అర్జీకిని కావలసిన భాష వేఱు. దానిని నేర్పుట మా పని, ఎగవేయము. ఈ వ్యాసమునే మేము గ్రాంథికమున వ్రాయుచున్నాము. గురువులు దిద్దించిన ఒరవడి నలువదేండ్లు దాటిన చేతిని విడువదు. కాని బాలుడు తన ఇంటిని గూర్చి వ్రాయునపుడు ఆ ఇంటిలో లేని మాటలను అందు ప్రవేశపెట్టుట అబద్ధమాడించుటయే యగును.

రెండవ ఆక్షేపణ ఒక తల్లిది. "మా ఒక్క గది సంగతి పదిమంది చదివితె మా పరువేంగాను?" అని ఆమె యడిగెను. దీనికి మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. వాస్తవిక రచన పేదఱికపు ప్రదర్శనము కాదు. హోవెల్స్ 1885లో వ్రాసిన 'ది రైజ్ ఆఫ్ సైలస్ లాపమ్' రంగుల వర్తకుడైన ధనికుని కథ. అయినను ఆమె భయము వట్టిది కాదు. బండియెక్కి పోయిన ఆ పెద్దమనుష్యులవలె చదివి మఱచిపోవువారు లోకమున కలరు. అందుచేత ఇంటివారి అనుమతి లేనిదే ఏ వ్యాసమును అచ్చువేయమని నిర్ణయించితిమి.

ఆ బాలుని తల్లి అనుమతించినది. సాంచా ఆగినంతనే చెల్లెలు ఏల మేల్కొనునని మేము అడుగగా, అది పుట్టినది మొదలు ఆ చప్పుడులోనే నిదురించెననియు, కరెంటు పోయి వీధి నిశ్శబ్దమైన వెంటనే ఉలికిపడి యేడ్చుననియు బాలుడు చెప్పెను. దానిని గూడ వ్రాయుమంటిమి, వ్రాసెను. ఆ వ్యాసము ఈ సంచికలోనే పేరు లేకుండ అచ్చయినది. అవ్వ అవ్వగానే యున్నది. సాంచా పనిముట్ల పేర్లు మాకు చక్కగా తెలియవు గనుక, అందేదైన తప్పు కనిపించినచో తల్లిదండ్రులు బడికి వచ్చి మమ్ము దిద్దవలెనని కోరుచున్నాము.