యాడ్స్‌కి కట్టే డాలర్లు, వెతుక్కుంటూ వచ్చే కస్టమర్లు

2025 ఆగస్టు చివర్లో, సెప్టెంబరు మొదట్లో, నాలుగు రోజుల తేడాతో అమెరికాలో రెండు మార్పులు జరిగాయి. ఆగస్టు 29న, 800 డాలర్లలోపు పార్సిళ్లను సుంకం లేకుండా వదిలేసే వెసులుబాటు అన్ని దేశాలకూ రద్దయింది. సెప్టెంబరు 2న, గూగుల్ సెర్చ్ గుత్తాధిపత్యం కేసులో ఏమేం మార్చాలో చెబుతూ వాషింగ్టన్‌లోని ఫెడరల్ జడ్జి అమిత్ మెహతా తీర్పు ఇచ్చారు. మొదటిదాని గురించి మన వాట్సాప్ గ్రూపుల్లో వారాల తరబడి మాట్లాడుకున్నాం. రెండోదాన్ని "క్రోమ్ అమ్మక్కర్లేదట" అన్న ఒక్క ముక్కతో వదిలేశాం. మా ఇంట్లో మాత్రం రెండూ ఒకే లెక్కల పుస్తకంలోకి వచ్చి కూర్చున్నాయి.

మా ఆవిడ డాలస్ దగ్గర ఇంటి నుంచే చీరలు, లంగా ఓణీలు, పట్టు పావడాలు అమ్ముతుంది, బ్లౌజులు కుట్టిస్తుంది. వెబ్‌సైట్, యాడ్స్ పని నాది. ఆఫీసు అయ్యాక రాత్రి పది దాటినాక చేసే పని. ఇలాంటి చిన్న వ్యాపారం లేని తెలుగు వీధి ఇప్పుడు అమెరికాలో తక్కువే: పచ్చళ్లు, టిఫిన్ క్యాటరింగ్, కూచిపూడి క్లాసులు, మ్యాథ్స్ ట్యూషన్లు, పెళ్లి డెకరేషన్లు, ట్యాక్స్ ఫైలింగ్. (హెచ్4 మీద ఉండి వర్క్ పర్మిట్ లేనివాళ్లు మాత్రం దయచేసి ఇందులోకి దిగకండి. అది వేరే తలనొప్పి.) వీళ్లందరికీ ఇప్పుడు సరుకు ఖర్చు ఒకవైపు పెరిగింది, కస్టమర్‌ని రప్పించే ఖర్చు ఇంకోవైపు పెరిగింది. మొదటిది మన చేతిలో లేదు. రెండోది కొంతవరకు ఉందని నా నమ్మకం.

కోర్టు ఏం చెప్పిందో చూడండి. 2024 ఆగస్టు 5న ఇదే జడ్జి ఇచ్చిన మొదటి తీర్పు ప్రకారం, అమెరికాలో సెర్చ్‌లలో దాదాపు 90 శాతం గూగుల్‌లోనే జరుగుతున్నాయి. సెర్చ్ ఫలితాల పైన కనిపించే టెక్స్ట్ యాడ్స్ రేట్లను, పోటీదారులకు భయపడాల్సిన పని లేకుండా ఆ కంపెనీ పెంచగలిగిందని కూడా అందులో ఉంది. 2025 తీర్పులో ప్రత్యేక ఒప్పందాలపై నిషేధం, కొంత డేటా పోటీదారులకు ఇవ్వడం లాంటివి వచ్చాయి. దానివల్ల రేపటి నుంచి మన క్లిక్ రేటు తగ్గుతుందని నేను అనుకోను. వేలంపాట నడిపేదీ వాళ్లే, నియమాలు రాసేదీ వాళ్లే. ఆ వేలంలో మన పక్కన ఎవరుంటారో కూడా మన చేతిలో లేదు. తెము, షీన్ పెట్టే ఖర్చు ఒక్కటే ప్రకటనల రేట్ల మీద ప్రభావం చూపిస్తోందని 2023 నవంబరులో ఎట్సీ సీఈవో ఇన్వెస్టర్లకు చెప్పారు. ఎట్సీ అంత కంపెనీకే ఆ సెగ తగిలితే, డైనింగ్ టేబుల్ మీద ఆర్డర్లు ప్యాక్ చేసుకునేవాళ్ల సంగతి చెప్పేదేముంది?

మార్కెటింగ్ వాళ్లు సేల్స్ ఫనెల్ అంటారు. మన గరాటే. పైన వెడల్పు మూతిలో చూసేవాళ్లు, మధ్యలో అడిగేవాళ్లు, కింద సన్న గొట్టంలోంచి కొనేవాళ్లు. యాడ్స్‌తో ఈ గరాటు నింపితే లెక్క ఎలా ఉంటుందో ఊరికే వేసి చూద్దాం. క్లిక్‌కి రెండు డాలర్లు, వందమంది వస్తే 200 డాలర్లు. వందలో ఇద్దరు కొన్నారనుకోండి, ఒక్కో కస్టమర్‌కి 100 డాలర్లు పడింది. బ్లౌజు మీద మిగిలేది 30 అయితే 70 డాలర్లు చేతి నుంచి పోయినట్టే. మళ్లీ మళ్లీ వచ్చే కస్టమరైతే మూడో నాలుగో ఆర్డరుకు లెక్క సరిపోతుంది. పెళ్లివారి ఆర్డరైతే మొదటిసారే సరిపోతుంది. రియల్టర్లకు, పెళ్లి ఫొటోగ్రాఫర్లకు యాడ్స్ గిట్టుబాటు అవుతాయి, బ్లౌజులు కుట్టేవాళ్లకు కావు అనేది అందుకే. తేడా తెలివిలో లేదు, ఒక్కో ఆర్డరు మీద మిగిలేదానిలో ఉంది.

మేం ఈ లెక్క ఆలస్యంగా వేసుకున్నాం. మొదటి ఏడాది ఒక ఏజెన్సీకి అప్పగించాం. క్లిక్కులు బాగానే వచ్చేవి, ఫోన్లు రావు. చివరికి నేనే కూర్చుని రిపోర్టు విప్పితే, క్లిక్కుల్లో చాలా భాగం ఇండియా నుంచి. గూగుల్ యాడ్స్‌లో ఊరు ఎంచుకున్నప్పుడు, మనం మార్చకపోతే, ఆ ఊళ్లో ఉన్నవాళ్లకే కాదు, ఆ ఊరి మీద "ఆసక్తి చూపినవాళ్లకు" కూడా యాడ్ వెళ్తుంది. కూతురు డాలస్‌లో ఉందని గుంటూరులో కూర్చుని డాలస్ గురించి వెతికే అమ్మ కూడా ఆసక్తి చూపినట్టే! ఆ సెట్టింగు మార్చడానికి నిమిషం పట్టదు. ఎవరూ మార్చలేదు. పైగా "చీర" అన్న మాటకు యాడ్ పెడితే, చీర కట్టడం నేర్చుకునేవాళ్లకూ, పాత చీరలు ఎక్కడ ఇచ్చేయాలా అని వెతికేవాళ్లకూ అదే యాడ్. ఆ ఏజెన్సీని మానేస్తామంటే తేలింది ఇంకొకటి: యాడ్స్ అకౌంటు వాళ్ల పేరు మీదే ఉంది. ఏడాది డేటా వాళ్లతోనే పోయింది. అకౌంటు, డొమైన్ మీ పేరున తెరిచి, పని చేసేవాళ్లకు మేనేజర్ యాక్సెస్ మాత్రం ఇవ్వండి. మాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను మీకు చెబుతున్నాను.

సరే, యాడ్స్ ఆపేశాక ఏం చేశాం? ఎస్ఈవో అనే పేరు పెద్దది కానీ, చిన్న వ్యాపారానికి అది ముఖ్యంగా ఒకటే పని. కస్టమరు కొనేముందు ఏం అడుగుతాడో, దానికి జవాబు మన సైట్‌లో ఉండాలి. గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఉచిత టూల్ ఉంది. మన సైటు ఏయే మాటలకు కనిపించిందో, ఎన్నిసార్లు నొక్కారో చూపిస్తుంది. అది తెరిచిన రోజు నాకు కొంచెం సిగ్గేసింది. మేం హోమ్ పేజీ నిండా "సంప్రదాయం, సౌందర్యం" అని రాసుకున్నాం. జనం వెతికేది ఏడాది పాపకు పట్టు పావడా ఏ సైజు, బ్లౌజు కొలతలు ఇంట్లో ఎలా తీసుకోవాలి, ఫాల్ పికో దగ్గరలో ఎవరు చేస్తారు, శనివారం ఫంక్షన్‌కి గురువారం ఇస్తే కుడతారా. ఒక్కదానికీ మా దగ్గర పేజీ లేదు.

ఇక్కడ మన భాషవల్ల ఒక లాభం ఉంది. లంగా ఓణీ అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో మనవాళ్లు నాలుగు రకాలుగా రాస్తారు. పెద్ద స్టోర్లు అన్నిటినీ లెహంగా అని కట్టగట్టి పారేస్తాయి. పరికిణీకి, పావడాకి తేడా వాళ్లకు అక్కర్లేదు. ఆ నాలుగు స్పెల్లింగులతో వెతికే అమ్మమ్మలకు, మేనత్తలకు సరైన పేజీ చూపించగలిగేది మనలాంటివాళ్లమే. మా ఆవిడ టేపు పట్టుకుని నిలబడితే నేను ఫొటోలు తీశాను. చంక చుట్టుకొలత ఎక్కడ తీయాలి, వెనక మెడ లోతు ఎక్కడి నుంచి కొలవాలి, పాత బ్లౌజును పరిచి కొలిస్తే ఎంత కలుపుకోవాలి అని. ఆ ఒక్క పేజీకి రెండు వారాంతాలు పట్టాయి. మొదటి మూడు నెలలు ఎవరూ రాలేదు. ఇప్పుడు మాకు వచ్చే కొత్తవాళ్లలో ఎక్కువమంది దాన్ని చదివి వచ్చినవాళ్లే. కొలతలు పంపేశాక కుట్టించుకోకుండా వెళ్లేవాళ్లు తక్కువ. గరాటులో అడుగు భాగం అది.

రెండోది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, డబ్బులు అక్కర్లేదు. "నా ఇంటి అడ్రసు ఊరందరికీ పెట్టాలా?" అని చాలామంది ఆడవాళ్లు భయపడతారు. అక్కర్లేదు. కస్టమరు దగ్గరికి మనమే వెళ్లే వ్యాపారమైతే అడ్రసు దాచి, ఏయే ఊళ్లకు వెళ్తామో మాత్రం పెట్టొచ్చు. కానీ కస్టమరును నేరుగా కలవని, కేవలం ఆన్‌లైన్ వ్యాపారానికి ఈ ప్రొఫైల్ ఇవ్వరు.

రివ్యూల దగ్గర మాత్రం మనవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. "అందరూ ఫైవ్ స్టార్స్ ఇవ్వండి, తర్వాత మీకు నేనిస్తా" అన్న మెసేజి నెలకోసారైనా నాకు వస్తుంది. దొంగ రివ్యూలను నిషేధిస్తూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన నియమం 2024 అక్టోబరు 21 నుంచి అమల్లో ఉంది. మంచి రివ్యూ రాస్తేనే డిస్కౌంటు అనడం, బంధుత్వం చెప్పకుండా ఇంట్లోవాళ్లతో రాయించడం కూడా ఆ పరిధిలోకి వస్తాయి. అది వచ్చినప్పుడు ఒక్కో ఉల్లంఘనకు గరిష్ఠ జరిమానా 51,744 డాలర్లు. మన వీధి చివరి టైలరు మీదికి రేపే వస్తారని కాదు. కానీ బావగారి రివ్యూ కోసం ఆ రిస్కు అవసరమా?

ఇంతవరకు విని ఎస్ఈవో అంటే ఉచిత భోజనం అనుకోకండి. గూగుల్ తన పేజీ మీదికే జవాబు తెచ్చేస్తోంది. 2024 మే నుంచి అమెరికాలో సెర్చ్ ఫలితాల పైన ఏఐ సారాంశాలు వస్తున్నాయి కదా. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2025 మార్చి నాటి డేటాతో చేసిన అధ్యయనంలో, ఆ సారాంశం కనిపించినప్పుడు కింది లింకుల్లో దేన్నైనా నొక్కినవి 8 శాతం సందర్భాలే. సారాంశం లేనప్పుడు 15 శాతం. దాదాపు సగానికి పడిపోయింది. అంటే గరాటు వెడల్పు మూతి మూసుకుపోతోంది. "కంచి పట్టు చరిత్ర", "చీరల్లో పది రకాలు" లాంటి వ్యాసాలు రాసి జనాన్ని రప్పించే కాలం పోయిందని నా అంచనా. ఆ జవాబు యంత్రం ఇచ్చేస్తుంది. శనివారానికి బ్లౌజు అవుతుందా, మీ ఊరికి వస్తారా, కుట్టుకూలి ఎంత అన్నవి మాత్రం కుట్టే మనిషే చెప్పాలి. మా ప్రయత్నమంతా అటే.

ఇదే కారణంగా "నెలకు వంద బ్లాగులు ఏఐతో రాసిపెడతాం" అనే ప్యాకేజీలు నాకు భయం. ర్యాంకుల కోసం గంపగుత్తగా తయారుచేసే పేజీలను 2024 మార్చిలో గూగుల్ స్పామ్ నిబంధనల్లో చేర్చింది. సైటు మొత్తం ఫలితాల్లోంచి మాయమైతే మనం ఫోన్ చేయడానికి అక్కడ మనిషి ఉండడు. 30 రోజుల్లో నంబర్ వన్ చేస్తామని ఫోన్లు చేసేవాళ్లకు నేనిచ్చే జవాబు ఒకటే: ఆ హామీ ఎవరూ ఇవ్వలేరని గూగులే రాసి పెట్టింది. ఫలితం కనబడటానికి నాలుగు నెలల నుంచి ఏడాది దాకా పడుతుందనీ వాళ్లే చెప్పారు. హైదరాబాద్‌లో ఈ పని నిజాయితీగా, చక్కగా చేసే పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లూ ఇదే చెబుతారు. ఏడాది ఆగలేని వ్యాపారానికి ఎస్ఈవో మందు కాదు.

మరి యాడ్స్ పూర్తిగా మానేశామా? లేదు. బతుకమ్మ, దసరా ముందు మూడు వారాలు చుట్టుపక్కల ఊళ్లవరకే పెట్టాం, ఖర్చుకు గీత గీసుకుని. వాటిని అమ్మకం కోసం కంటే తెలుసుకోవడం కోసం వాడతాను. ఏ మాటకు వచ్చినవాళ్లు నిజంగా కొన్నారో చూసి, ఆ మాటకు పేజీ రాస్తాం, యాడ్ ఆపేస్తాం. ఇక కొన్నవాళ్ల నంబర్లు, వాళ్లు ఒప్పుకుంటేనే, ఒక వాట్సాప్ లిస్టులో ఉంటాయి. గూగుల్ రేపు లెక్క మార్చినా ఆ లిస్టు మాదే.

ఆగస్టు నిర్ణయం తర్వాత సెర్చ్ కన్సోల్‌లో మాకు ఒక కొత్త ప్రశ్న కనబడటం మొదలైంది. ఇండియా నుంచి చీర తెప్పిస్తే డ్యూటీ ఎంత, ఎవరు కట్టాలి, పార్సిల్ వచ్చాక అడుగుతారా అని. మొదట దాన్ని మేం పట్టించుకోలేదు. సెప్టెంబరు చివర్లో ఒకావిడ ఫోన్ చేసి, "అక్కా, ఇంకోచోట ఆర్డరిస్తే కొరియర్ వాళ్లు గుమ్మంలో డబ్బులడిగారు, మీ దగ్గరా అంతేనా?" అంది. మా సరుకు ముందే ఇక్కడికి వచ్చేస్తుంది, సుంకం మేమే కట్టి ధరలో కలుపుకుంటాం. ఆ రాత్రే ఆ ముక్క ప్రతి చీర ఫొటో కిందా మొదటి వాక్యంగా పెట్టాం: చెప్పిన ధరే, గుమ్మంలో అదనంగా ఏమీ అడగరు. ఆ ప్రశ్నకే ఒక పేజీ కూడా రాశాం, పాత ధర ఎంత, ఇప్పుడు ఎంత, ఎందుకు పెరిగిందో దాచకుండా. ధర పెరిగిందని సణిగినవాళ్లు ఉన్నారు. కానీ ఆ పేజీ చదివి ఫోన్ చేసినవాళ్లు డ్యూటీ గురించి అడగటం లేదు, రంగులు ఏమున్నాయని అడుగుతున్నారు.