సీసపు బిళ్లలు, చాటు ఒప్పందములు

మా గాండ్లపెంటలో గుఱ్ఱపు పందెముల మైదానము లేదు. ఆ వైభవము బెంగళూరు పోయి చూచినవారికే తెలియును. అయినను పోటీలో సమానత్వమన నేమో మా సీమ రైతునకు ఒకరు వచ్చి బోధింప నక్కఱలేదు. జాతరలలో బండలాగుడు పోటీలు జరుగునప్పుడు, కాడి కట్టుటకు ముందే ఎద్దు మూతి పైకెత్తి, పెదవి విప్పి, పాలపండ్లా, రెండుపండ్లా, నాలుగా, ఆఱా యని చూచి, ఆ లెక్కనుబట్టియే ఏ విభాగమున దింపవలెనో, ఎంత బండ లాగింపవలెనో నిర్ణయింతురు. ఆఱుపండ్ల జతను నాలుగుపండ్ల వానిలో దూర్చజూచినవాడు కమిటీ కంట పడకపోయినను చుట్టు మూగిన రైతుల కంట పడక మానడు.

గుఱ్ఱపు పందెములలో ఈ సామ్యమును సాధించు విద్యకు హ్యాండికాపింగ్ అని పేరు. గెలిచినదానికి రేటింగు పెరుగును, ఓడుచుండు దానికి తగ్గును. రేటింగు హెచ్చిన గుఱ్ఱముపై హెచ్చు బరువును, తగ్గినదానిపై తక్కువ బరువును వేయుదురు. జాకీ తేలికయైనచో జీను సంచులలో సీసపు బిళ్లలు దూర్చి లోటు పూరించి, పరుగునకు ముందును వెనుకను అతనిని తక్కెడపై నిలుపుదురు. అన్ని గుఱ్ఱములును గమ్యమును ఒక్కమాఱే చేరవలెననునది బరువులు నిర్ణయించు అధికారి స్వప్నము (నెరవేరినచో పందెగాండ్ర గతి యేమగునో గాని!). ఇంత నిశితమైన తూకమును సైతము కళ్లెము పట్టిన చేయి వమ్ము చేయగలదు. గెలువగల గుఱ్ఱమును ఒకటి రెండు పందెములలో కావలెనని వెనుకకు లాగి, రేటింగు దింపించి, తేలికబరువు దొరికిన నాడు, దానిపై ఎవరును ఆశ పెట్టుకొనని వేళ, విడిచిపెట్టుట ఈ రంగమున మిక్కిలి పాతదైన మోసము. మందు మాట వేఱే చెప్పనేల? 2017లో బెంగళూరున గెలిచిన క్వీన్ లతీఫా యను గుఱ్ఱమునకు జరిపిన పరీక్షలో నొప్పి తెలియనీయని ప్రొకైన్ జాడ కనబడి, ఆ వ్యవహారము సి.ఐ.డి. విచారణ వఱకు పోయెను.

గుఱ్ఱములను గాక, గుఱ్ఱములను అంచనా వేయువారినే పరస్పరము పోటీకి నిలుపు పందెములు అమెరికాలో కలవు. అట్టివానిలో ఒకటియైన బ్రీడర్స్ కప్ పోటీకి 10,000 డాలర్లు చెల్లించి చేరవలెను. అందు 7,500 డాలర్లు ఆటగాడు స్వయముగా పందెము కాయు సొమ్ము. 2017లో డెల్‌మార్‌లో జరిగిన ఆ పోటీలో కొందరు జట్టు కట్టి ఆడిరను ఆరోపణ పుట్టి పెద్ద దుమారము రేగినది. జట్టు కట్టుటలో తప్పేమని అడుగువారు కలరు. నలుగురు కలిసి, చివరి పందెమున తలకొక గుఱ్ఱముపై సర్వస్వము నొడ్డి, ఎవడు గెలిచినను పంచుకొందమని చాటుగా అనుకొన్నచో, ఒంటరిగా కూర్చుండి గుఱ్ఱముల పూర్వచరిత్ర తిరగవేయువాడు తాను ఒక్కనితో పోరాడుచున్నానని భ్రమించుచు నలుగురితో పోరాడుచుండును. నియమావళిలో ఆ మాట స్పష్టముగా లేదనుట సమాధానము కాజాలదు. తప్పు లేదని నిజముగా నమ్మినవాడు దానిని చాటున చేయడు.

ఇది పందెగాండ్ర సొంత గొడవ యని కొట్టివేయుటకు వీలులేదు. గుఱ్ఱపు పందెము జూదము గాదు, నైపుణ్యమే అందు ప్రధానమని 1996లో కె.ఆర్. లక్ష్మణన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఊళ్లలో పేకాడువారిని పోలీసులు పట్టుకొనిపోవుచుండగా, హైదరాబాదు మలక్‌పేటలో గుఱ్ఱములు నిరాటంకముగా పరుగెత్తుచున్నవన్న, ఆ నిశ్చింతకు గల ఆధారములలో ఈ నైపుణ్యమనెడి మాట యొకటి. వెనుకకు లాగిన గుఱ్ఱము విషయమున పందెగాని నైపుణ్యమెందుకు పనికివచ్చును? అందుచేత మోసము చేసిన జాకీకంటెను, దానిని చూచియు క్లబ్బు పరువు పోవునని కప్పిపుచ్చు పెద్దలే ఈ క్రీడకు ఎక్కువ కీడు చేయుచున్నారని నా అభిప్రాయము. జాకీని కొన్ని నెలలు తొలగించితిమన్నంత మాత్రమున చాలదు. ఏమి చూచిరో, గుఱ్ఱపు యజమాని ఏమని సంజాయిషీ చెప్పెనో, దానిని ఏల నమ్మిరో, నమ్మకుండిరో, కారణములతో సహా ప్రకటింపవలెను. ఆ ప్రకటన ఇంగ్లీషున మాత్రమే గాక, టికెట్టు కిటికీవద్ద సొమ్ము చెల్లించి ఓడిపోయినవాడు చదువుకొనగలుగునట్లు తెలుగులోను ఉర్దూలోను ఉండవలెను.