పాలవేళ, పనివేళ

శిశువుకు తల్లిపాలను మించిన ఆహారం లేదన్న మాట పాఠ్యపుస్తకాలలో వున్నది; ఆసుపత్రి గోడలమీద వున్నది; ఏటా ఆగస్టు మొదటివారంలో జరిగే తల్లిపాల వారోత్సవాలలో వక్తలందరి నోటా వున్నది. ఆ తల్లి ఉద్యోగస్థురాలైతే పాలు ఏ వేళకు, ఏ చోట ఇవ్వాలన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం అందరూ మౌనం వహిస్తున్నారు. సమాధానం వెదుక్కొనే భారం ఆమెమీదనే పడుతున్నది.

పుట్టినది మొదలు ఆరు మాసాలు తల్లిపాలు తప్ప మంచినీరు సైతం అవసరం లేదనీ, ఆ పిమ్మట మెత్తని ఆహారం అలవాటుచేస్తూ రెండేళ్లవరకు, వీలైతే ఆపైన కూడా పాలు కొనసాగించాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన దేశంలో 1961 నాటి ప్రసూతి సౌకర్యాల చట్టం వేతనంతో కూడిన 12 వారాల సెలవును అనుగ్రహించింది. 2017 నాటి సవరణ మొదటి ఇద్దరు బిడ్డల విషయంలో దానిని 26 వారాలకు పెంచింది. లెక్కకు 26 వారాలంటే ఆరు మాసాలే. అయితే అందులో 8 వారాలవరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. నెలలు నిండుతూండగా బస్సులలో ప్రయాణంచేసి, రోజంతా నిలబడి పాఠం చెప్పడం దుర్భరమై ఆ 8 వారాలూ ముందే వాడుకొన్న ఉపాధ్యాయిని తిరిగి పనిలో చేరేనాటికి బిడ్డ వయస్సు 18 వారాలు. అంటే నాలుగు మాసాలు దాటి కొద్ది రోజులు. ఆరు మాసాల నియమానికీ, నాలుగు మాసాల వాస్తవానికీ నడుమగల ఈ ఎడమే సమస్యకు మూలం.

పాలు ఊరడానికి ఒక ధర్మం వున్నది. బిడ్డ త్రాగినకొద్దీ, లేదా పిండి తీసినకొద్దీ పాలు ఊరుతాయి. తీయకుండా వదిలివేస్తే ఊరడం తగ్గిపోతుంది. ఉదయం తొమ్మిది గంటలకు బడికి చేరి, సాయంకాలం వరకు పాలు తీసుకొనే అవకాశం లేని తల్లికి మొదట సలపరం, గడ్డలు కట్టడం, తడిసిన చీరకొంగును పిల్లల ఎదుట దాచుకోవడం. కొన్నాళ్లకు పాలు తగ్గిపోవడం. అప్పుడు ఇంటివారు “నీకు పాలు చాలవు, డబ్బాపాలు పట్టు” అంటారు. ఆమె శరీరంలో లోపమేమీ లేదు. లోపమంతా టైంటేబిలులో వున్నది.

మార్గాలు లేకపోలేదు. చేతులు శుభ్రంగా కడుగుకొని, మూతగల గిన్నెలోకి పిండిన పాలు, వేడి 25 డిగ్రీలు మించనిచోట నాలుగు గంటలు చెడకుండా వుంటాయి. మన వేసవులలో ఆ వ్యవధిని లెక్కించరాదు; ఫ్రిజ్‌లో వుంచితే ఒక రోజు నిశ్చింత. ఆ పాలను పొయ్యిమీద పెట్టకుండా వేడినీటి గిన్నెలో వుంచి గోరువెచ్చ చేయాలి. కడగడం కష్టమైన సీసాకన్న ఉగ్గుగిన్నె మేలు. పనికి వెళ్లబోయే ముందు, ఇల్లు చేరగానే, రాత్రివేళల పాలిస్తే పాలధార నిలుస్తుంది. అయితే ఇంటిలో ఆ గిన్నెను పట్టుకొనే అమ్మమ్మో, నాయనమ్మో, బిడ్డ తండ్రో శ్రద్ధవహించాలి.

ఎంత యత్నించినా పాలు చాలని తల్లులూ, అనారోగ్యం మూలాన ఇవ్వలేని తల్లులూ వున్నారు. వారిని నిందించడం అన్యాయం. వైద్యుని సలహాతో డబ్బాపాలు పట్టవలసివస్తే, కాచిన నీటితో, డబ్బామీద చెప్పిన కొలతతోనే కలపాలి. నాలుగు రోజులు ఎక్కువ వస్తుందని పలుచన చేస్తే బిడ్డ కడుపు నిండినట్లు కనిపించినా పోషణ వుండదు. అమాయకులైన తల్లులు ప్రకటనలకు మోసపోకూడదనే 1992లో శిశువుల డబ్బాపాల ప్రకటనలను చట్టం నిషేధించింది.

మరి పనిచేసేచోట చట్టం ఏమి చెప్పింది? సాధారణ విశ్రాంతి కాక బిడ్డకు 15 మాసాలు నిండేవరకు రోజుకు రెండు విరామాలు ఇవ్వాలన్నది. 50 మందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థలలో శిశుసంరక్షణ గది వుండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లిరావచ్చుననీ 2017 సవరణ చేర్చింది. ఈ హక్కులను 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి కూడా తనలో నిలుపుకొన్నది. కాని కాగితంమీది విరామం గడియవేసుకొనే గది లేనిదే విరామం కాజాలదు. సామానుగది ఒక మూలనో, మరుగుదొడ్డిలోనో బిడ్డ ఆహారాన్ని సిద్ధంచేసుకొమ్మనడం ఏ సంస్థకూ గౌరవం కాదు.

సెలవన్న మాటే ఎరుగని తల్లుల సంగతి మరీ దయనీయం. దినకూలీ స్త్రీలకు కూడా ప్రసూతి సౌకర్యాలు వర్తిస్తాయని ఢిల్లీ నగరపాలిక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2000లో తీర్పు చెప్పింది. ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు వచ్చిన పనిచోట వారిని చూడడానికి ఒక స్త్రీని నియమించాలని 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం నిర్దేశించింది. అయినా సొంత రైతు పొలంలో నాటువేసే కూలితల్లికి చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలే గతి. అదీ కుదరనినాడు చంటిబిడ్డను ఎత్తుకొని ఇంటివద్ద వుండేది బడి మానిన అక్క. హాజరుపట్టికలో ఆ బాలిక పేరు ఎదుట పడిన గైరుహాజరు గుర్తు వెనుక తరచు ఒక పాలబిడ్డ వుంటుందన్నది ఉపాధ్యాయులు ఎరుగని సంగతి కాదు.

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. జూన్‌లో బడులు తెరిచి టైంటేబిలు తయారుచేసేటప్పుడు పాలిచ్చే ఉపాధ్యాయినికి ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి ఖాళీ పీరియడు కేటాయించడం ప్రధానోపాధ్యాయుని చేతిలో పని. ఒక చిన్న గది, లోపలి గడియ, కుర్చీ, కుండెడు నీళ్లు ఏ బడికీ అలవికానివి కావు. ఆ అరగంట తరగతిని చూసుకొనడానికి ఒక సహోపాధ్యాయుడు ముందుకు రావడం దయాధర్మం కాదు, తోటివారి విధి. బడి మానిన అక్క ఇంటికి వెళ్లి, బిడ్డను అంగన్వాడీలోనో, ఇరుగుపొరుగున ఒక పెద్దముత్తయిదువ వద్దనో వుంచే ఏర్పాటుకు తల్లిదండ్రులతో మాట్లాడడం కూడా ఉపాధ్యాయుల వల్ల అయ్యే పనే. తల్లిపాల గొప్పతనాన్ని బోధించే పాఠశాలే ఆ పాలకు వేళ కల్పించిననాడు, ఆ పాఠం విద్యార్థులకు వేరుగా వల్లెవేయించనక్కరలేదు.