నీలం పూలు కావాలంటే శంఖుపూలే

నర్సరీకెళ్లి నీలం పూల మొక్క అడిగితే హైడ్రేంజియా చూపిస్తారు. అది ఊటీ చలికి బాగుంటుంది. మా చల్లపల్లి రోహిణి కార్తెలో దాని పని అంతే! కృష్ణా డెల్టా ఎండనీ, ఉక్కనీ తట్టుకుని ఏళ్ల తరబడి పూసేది మన పెరటి తీగే. అదే శంఖుపుష్పం. పాతవాళ్లు దింటెన అంటారు. సంస్కృతంలో అపరాజిత, అంటే ఓటమి లేనిది.

ఇది చిక్కుడు కుటుంబం మొక్క. వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని దీనికి అందిస్తుంది. కాబట్టి యూరియా జోలికి పోకండి. వేస్తే ఆకులు గుబురుగా వస్తాయి, పూలు తగ్గుతాయి.

గింజ తోలు గట్టిది. గరుకు కాగితం మీద ఒక పక్క కాస్త రుద్ది, రాత్రంతా నానబెట్టండి. అర అంగుళం లోతున పెడితే వారం, రెండు వారాల్లో మొలకొస్తుంది. మా వైపు నల్లమట్టిలో వానకి నీళ్లు నిలిచిపోతాయి, దీనికి అదొక్కటే పడదు. ఇసుక, పశువుల ఎరువు కలిపి మట్టిని ఎత్తు చేయండి. రోజుకి ఆరు గంటల ఎండ, పాకడానికి గ్రిల్లో, పురికొసో ఉంటే చాలు. ఏడాదికోసారి మోకాలెత్తుకి కత్తిరించండి. కొత్త కొమ్మలకే పూత ఎక్కువ.

ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, మా తరం ఉద్యోగాలు హైదరాబాద్, బెంగళూరుల్లో. పెరడు మాత్రం అమ్మానాన్నల మీద పడింది. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, బకెట్లు మొయ్యలేదు. పండక్కొచ్చి ఇరవై కుండీలు కొనిచ్చి బస్సెక్కేస్తే అది గిఫ్ట్ కాదు, డ్యూటీ! మా ఊళ్లో స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు 2014 నుంచి తెల్లవారుజామునే లేచి వీధులు ఊడుస్తున్నారు, రోడ్ల పక్కన మొక్కలు పెంచుతున్నారు. నాటడం ఒక పూట పని, సాకడం ఏళ్ల పని అని వాళ్లని చూస్తే తెలుస్తుంది. శంఖుతీగ వేళ్లు లోతుకి దిగాక వారానికి ఒకట్రెండు తడులతో నెట్టుకొస్తుంది. అమ్మకి పూజకి పూలుంటాయి, మోత ఉండదు.

ఇన్‌స్టాలో తిరిగే నీలం టీ కూడా దీనిదే. నిమ్మరసం పిండితే ఊదా రంగుకి మారుతుంది. పూలలోని ఆంథోసయనిన్లు పులుపు తగిలితే రంగు మారుస్తాయి. గింజలు, వేళ్లు మాత్రం తినకూడదు, విరేచనాలవుతాయి. గర్భిణులు డాక్టర్ని అడగకుండా ఆ టీ తాగొద్దు.

ఎండిన కాయ పగిలేలోపే కోసుకోండి. తొలకరికి వేస్తే దసరాకి పూత మీదుంటుంది. పది గింజలు చాలు. ఈసారి ఇంటికెళ్లేటప్పుడు జేబులో వేసుకెళ్లండి.