కూలితో కొన్న స్వేచ్ఛ

ఎవరిది తింటే వారిదే పాడాలని ఉర్దూలో ఒక సామెత ఉంది. లోకం తీరు కూడా చాలావరకు అలాగే ఉంది. జీతమిచ్చేవాడు ఒక మాట అనమంటే అంటాం, ఒక మాట మింగమంటే మింగుతాం. మింగగా మింగగా చివరికి మన సొంత మాట ఏదో మనకే గుర్తుండదు. పిల్లల కడుపు నిండాలి, ఇంటి అద్దె కట్టాలి, ఏం చేస్తాం అంటాం. నిజమే, ఆకలి అబద్ధం కాదు. అయితే తిండి ఒకచోట సంపాదించుకుని, పాట మాత్రం తనదే పాడుకోవడం సాధ్యం కాదా? ఈ ప్రశ్నకు తన జీవితంతోనే జవాబు చెప్పిన ఒక అమెరికా నటుడి గురించి ఈ వారం ముచ్చటించుకుందాం.

శుక్రవారం పేజీలో సినిమా నటుడి ప్రస్తావన ఏమిటని కొందరు పెద్దలు నొసలు చిట్లించవచ్చు. సినిమాల మంచిచెడ్డలు తేల్చడం ఇక్కడ మా ఉద్దేశం కాదు. మంచి మాట ఏ గుమ్మంలో దొరికినా ఏరుకోవాలని మా ఉస్తాదులు మాకు నేర్పారు. ఆ చనువుతోనే ఈ నాలుగు మాటలు.

ఆయన పేరు జాన్ కాసవెటీస్. 1929 డిసెంబరు 9న న్యూయార్క్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు గ్రీసు మూలాలవారు. పసితనంలో కొన్నేళ్లు గ్రీసులో గడిపి, ఏడేళ్ల వయసులో అమెరికాకు తిరిగివచ్చినప్పుడు ఆ పిల్లవాడికి ఇంగ్లీషు ముక్క రాదు. ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాషగా పెరిగిన పిల్లల అవస్థ మనకు తెలియనిది కాదు. 1950లో న్యూయార్క్‌లోని అమెరికన్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్స్‌లో చదువు ముగించాడు. 1954లో జీనా రోలండ్స్ అనే నటిని పెళ్లాడాడు. టెలివిజన్ నాటకాల్లో చిన్నాపెద్దా వేషాలు వేస్తూ పేరు తెచ్చుకున్నాడు. 1957లో వచ్చిన ‘ఎడ్జ్ ఆఫ్ ది సిటీ’లో నల్లజాతి నటుడు సిడ్నీ పాయిటియర్‌తో కలిసి రేవు కూలీగా నటించాడు. తెల్లవాడు, నల్లవాడు సమానమైన స్నేహితులుగా తెరమీద కనిపించడం ఆ రోజుల్లో అరుదు.

అలా సాగిపోతే ఆయనకు లోటేమీ ఉండేది కాదు. కానీ స్టూడియోలు తీసే కథల్లో తాను చూసిన మనుషులు కనిపించడం లేదన్న అసంతృప్తి ఆయనను నిలవనీయలేదు. న్యూయార్క్‌లో కొత్త నటుల కోసం ఒక శిక్షణ తరగతి నడుపుతూ, అందులో పుట్టిన ఒక ఘట్టాన్నే సినిమాగా తీయాలనుకున్నాడు. 1957లో ఒక రాత్రి రేడియో కార్యక్రమంలో ఆ సంగతి చెప్పి, మామూలు మనుషుల కథలు తెరమీద చూడాలనుకునేవారు డబ్బు పంపండని శ్రోతలను అడిగాడు. డాలరూ రెండు డాలర్లూ చొప్పున సుమారు 2 వేల డాలర్లు పోగయ్యాయి. మన దగ్గర బడికో మసీదుకో చందా పోగయినట్టే అనుకోండి. మిగతాది తన సంపాదన నుంచి, తెలిసినవారి నుంచి సమకూర్చుకున్నాడు. మొత్తం ఖర్చు సుమారు 40 వేల డాలర్లని చెబుతారు. హాలీవుడ్ లెక్కలో అది చిల్లర డబ్బు.

ఆ సినిమా పేరు ‘షాడోస్’. ఒక నల్లజాతి కుటుంబంలోని ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లెలి కథ. చెల్లెలి మేనిఛాయ తెలుపు. ఆమె ఏ జాతిదో తెలియక ఒక తెల్ల యువకుడు ఇష్టపడతాడు. నల్లగా ఉన్న ఆమె అన్నను చూడగానే అతని ముఖం మారిపోతుంది. ఆ ఒక్క ముఖం మార్పులో ఒక దేశం రోగమంతా బయటపడింది.

ఇక్కడ గమనించవలసిన మరో సంగతి ఉంది. 1958లో మొదటి రూపాన్ని చూపించినప్పుడు కొందరు విమర్శకులు దాన్ని ఆకాశానికెత్తారు. కానీ హాల్లో కూర్చున్న సామాన్య ప్రేక్షకుడికి అది పట్టలేదని కాసవెటీస్ గ్రహించాడు. మళ్లీ నటులను పిలిచి, 1959లో చాలా భాగం తిరిగి చిత్రీకరించాడు. మొదట మెచ్చుకున్న జోనాస్ మేకస్ అనే విమర్శకుడు, సినిమాను పాడు చేశాడని కోప్పడ్డాడు. కాసవెటీస్ తగ్గలేదు. 1960లో వెనిస్ ఉత్సవంలో ఆ రెండో రూపానికే విమర్శకుల బహుమతి వచ్చింది. స్వేచ్ఛ అంటే నోటికొచ్చింది అనడం అనుకునేవారు దీన్ని ఆలోచించాలి. తనమీద అజమాయిషీ చేసేవాడు లేనప్పుడు మనిషి తన పనిని తానే మరింత కఠినంగా తూచుకోవాలి.

ఆ పేరు విని హాలీవుడ్ ఆయనను దర్శకుడిగా పిలిచింది. వెళ్లాడు. బుద్ధిమాంద్యం గల పిల్లల గురించి తీసిన ‘ఎ చైల్డ్ ఈజ్ వెయిటింగ్’ను నిర్మాత స్టాన్లీ క్రామర్ ఆయన చేతుల్లోంచి తీసుకుని తన ఇష్టప్రకారం కూర్చి 1963లో విడుదల చేశాడు. ఆ పిల్లలపట్ల తన దృష్టి ఒకటి, తెరకెక్కింది మరొకటి అని కాసవెటీస్ మండిపడ్డాడు. ఆ తగాదాతో పెద్ద స్టూడియోల్లో ఆయనకు తలుపులు మూసుకున్నాయి.

అప్పుడాయన ఎంచుకున్న దారే ఈ వ్యాసానికి ప్రాణం. తలుపులు మూసినవారిని తిడుతూ కూర్చోలేదు, వారి కాళ్లూ పట్టుకోలేదు. నటుడిగా కూలికి వెళ్లాడు. 1964లో ‘ది కిల్లర్స్’, 1967లో ‘ది డర్టీ డజన్’, 1968లో ‘రోజ్‌మేరీస్ బేబీ’. ఎవరో రాసిన కథలు, ఎవరో పెట్టిన డబ్బు. ఆ కూలి తెచ్చి సొంత సినిమా ‘ఫేసెస్’ మీద పోశాడు. 1965లో ఆరు నెలలపాటు, ఎక్కువగా తన ఇంట్లోనే, దాన్ని చిత్రీకరించాడు. పనిచేసినవారికి రోజు జీతాలు లేవు, లాభం వస్తే వాటా. ఒక ఆఫీసులో సెక్రటరీగా ఉన్న లిన్ కార్లిన్‌కు ముఖ్య పాత్ర ఇచ్చాడు. కూర్పు పని చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా సాగి, 1968కి గాని పూర్తికాలేదు. ఆ సినిమాకు మూడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. అందులో ఒకటి ఆ సెక్రటరీకే.

‘రోజ్‌మేరీస్ బేబీ’లో ఆయన వేసింది ఒక నటుడి వేషం. పైకి రావాలన్న యావలో కట్టుకున్న భార్యను షైతాన్ ఉపాసకులకు అప్పగించే మనిషి వాడు. పేరు కోసం ఇంటినే అమ్ముకున్నవాడి వేషం వేసి, ఆ కూలితో ఇంట్లో కూర్చుని తన సొంత మాట చెప్పుకున్నాడు కాసవెటీస్. 

కూలికి చేసిన పని ఆయన దృష్టిలో తక్కువదేనని, అది రెండు నాల్కల బతుకని కొందరు అనవచ్చు. మేము ఒప్పుకోం. కూలి తీసుకున్నచోట ఆయన పని ఎగ్గొట్టలేదు. ‘ది డర్టీ డజన్’లో నటనకు ఆస్కార్ నామినేషనే వచ్చింది. ఇచ్చిన కూలికి తగిన పని చేస్తే అది హలాల్ సంపాదన. ఆ పని అయ్యాక మిగిలిన మనిషి ఎవరికీ అమ్ముడుపోలేదు. దీన్నే ఉర్దూలో ఖుద్దారీ అంటారు. ఆత్మాభిమానం అన్నా సరిపోతుంది.

1974 నాటి ‘ఎ ఉమన్ అండర్ ది ఇన్‌ఫ్లుయెన్స్’ సంగతి ఇంకా గట్టిది. ఒక కూలి మేస్త్రీ భార్య. భర్తకు ఆమె అంటే ప్రాణం, కానీ ఆమె మనసు చితికిపోతుంటే ఆ ప్రేమ ఎందుకూ కొరగాదు. ఈ కథకు డబ్బు పెట్టేవాడు దొరకలేదు. కాసవెటీస్ దంపతులు ఇల్లు తాకట్టు పెట్టారు. భర్త పాత్ర వేసిన మిత్రుడు పీటర్ ఫాక్ 5 లక్షల డాలర్లు పెట్టాడు. తీశాక పంపిణీదారు దొరకలేదు. కాసవెటీసే ఒక్కొక్క థియేటరు యజమానికి ఫోన్లు చేసి బతిమాలి ఆడించాడు. కాలేజీలకు తీసుకెళ్లి చూపించాడు. జనం వచ్చారు. ఆయనకు దర్శకుడిగా, జీనాకు నటిగా ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. జాతి వారసత్వంగా భద్రపరచవలసిన చిత్రాల జాబితాలో 1990లో అమెరికా ప్రభుత్వం దాన్ని చేర్చింది.

ఇల్లు కుదువబెట్టి అప్పు తెచ్చే పద్ధతిని మేము ఎవరికీ సిఫారసు చేయం. భార్యాబిడ్డల తలమీది కప్పును పందెం కాయడం అందరికీ తగదు. ఆ ఇల్లాలు సగం బరువు మోసింది గనుక అది చెల్లింది. ఆమె 2024 ఆగస్టులో 94 ఏళ్ల వయసులో కన్నుమూసింది. స్వేచ్ఛ గురించి గొప్పగా మాట్లాడే మగవారు, దాని ఖర్చు ఇంట్లో ఎవరు భరిస్తున్నారో ఒకసారి చూసుకోవాలి.

ప్రతి ప్రయత్నమూ గెలిచిందని కూడా చెప్పం. 1976లో ‘ది కిల్లింగ్ ఆఫ్ ఎ చైనీస్ బుకీ’ పోయింది, 1977లో ‘ఓపెనింగ్ నైట్’ పోయింది. 1980లో ‘గ్లోరియా’కు వెనిస్‌లో గోల్డెన్ లయన్, 1984లో ‘లవ్ స్ట్రీమ్స్’కు బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ వచ్చాయి. కానీ అప్పటికే ఆయన లోపల చెడిపోయాడు. ఏళ్ల తరబడి తాగిన మద్యం కాలేయాన్ని తినేసింది. 1989 ఫిబ్రవరి 3న, 59 ఏళ్లకే పోయాడు.

ఈ చివరి మాటను దాచి మెచ్చుకోవడం మాకు ఇష్టం లేదు. స్టూడియో యజమానులెవరూ వంచలేని మనిషిని సీసా వంచింది. బయటి యజమానిని కాదన్న ధైర్యం లోపలి యజమాని ముందు చాలలేదు. ఆయన జీవితంలో మనం తీసుకోవలసినది ఎంతో ఉంది, విడిచిపెట్టవలసినది ఇది.

తీసుకోవలసినదాన్ని మరోసారి చెప్పుకుందాం. పత్రిక నడిపేవారు, బడి నడిపేవారు, సంఘం నడిపేవారు మన మధ్య ఉన్నారు. ఒక్క పెద్దమనిషి ఇచ్చే డబ్బుతో అన్నీ నడిస్తే, ఏదో ఒక రోజు ఆయన ఇష్టమే పాఠం అవుతుంది. పదిమంది ఇచ్చే చిన్న చందా, దానికి తోడు మన చేతి కష్టం, ఈ రెండూ కలిస్తేనే మాట మనదిగా నిలుస్తుంది. పగలు ఎక్కడో గుమాస్తాగిరీ చేసి, సాయంత్రం నలుగురు పిల్లలకు డబ్బు తీసుకోకుండా చదువు చెప్పేవారిని మేము ఎరుగుదుం. వారికి కాసవెటీస్ పేరు తెలియదు. తెలియనవసరమూ లేదు. కూలి ఎక్కడ చేసినా మాట అమ్ముకోనక్కరలేదన్న సంగతి వారు ముందే నేర్చుకున్నారు.