అడ్రస్ మారితే పందెం చెల్లదు

స్ప్రెడ్ బెట్టింగ్ సంగతి ఎవరు ఎవరికి చెప్పినా ముందు చెప్పేది ఒకటే: ‘ట్యాక్స్ ఉండదు బ్రో.’ అబద్ధం కాదు. బ్రిటన్‌లో ఉంటూ ఇందులో నాలుగు పౌండ్లు మిగుల్చుకునే మామూలు మనిషి సాధారణంగా క్యాపిటల్ గెయిన్స్ పన్ను కట్టక్కర్లేదు. షేర్లు కొంటే పడే స్టాంప్ డ్యూటీ కూడా లేదు. ఇందులో అందరూ మింగేసే ముక్క ‘బ్రిటన్‌లో ఉంటూ’ అన్నది. ఉద్యోగం డాలస్‌కు మారినా, అమ్మానాన్నల కోసం హైదరాబాద్ తిరిగొచ్చినా ఆ ముక్క ఊడిపోతుంది. ఫోన్‌లో యాప్ మాత్రం అలాగే ఉంటుంది. చిక్కంతా అక్కడే.

అసలు ఆట ఇదీ. లండన్ సూచీ ఎఫ్‌టీఎస్ఈ 100కి కంపెనీ రెండు ధరలు చూపిస్తుంది. 8,200, 8,201 అనుకుందాం. మధ్యలో ఉన్న తేడాయే స్ప్రెడ్, కంపెనీ సంపాదన అందులో ఉంది. సూచీ పెరుగుతుందని నమ్మినవాడు 8,201 దగ్గర పాయింటుకు 10 పౌండ్లు కాస్తాడు. షేరు చేతికి రాదు, కాగితమూ రాదు. పెద్ద సూచీలకు 5 శాతం మార్జిన్ (ముందు జమ) చాలు కాబట్టి జేబులోంచి తీసేది సుమారు 4,100 పౌండ్లు. నెత్తిన మోసే బరువు మాత్రం 82,010 పౌండ్లు. లండన్‌లో మధ్యాహ్నం రెండున్నరకు న్యూయార్క్ మార్కెట్ తెరుచుకుని, సూచీ జారి అమ్మకం ధర 8,081కి దిగిందంటే 1,200 పౌండ్లు పోయినట్టే. సూచీ పడింది ఒకటిన్నర శాతం, మార్జిన్‌లో కరిగింది 29 శాతం. రాత్రికి పొజిషన్, అంటే మూయని పందెం, అలాగే ఉంచేస్తే 82 వేల మీద లెక్కగట్టిన వడ్డీ అదనం.

దీనికి ఆద్యుడు స్టువర్ట్ వీలర్. విదేశీ మారక ఆంక్షల వల్ల బ్రిటన్‌లో మామూలు జనానికి బంగారం కొనడం కష్టంగా ఉన్న రోజుల్లో, కొనకుండానే దాని ధర మీద పందెం కాయొచ్చంటూ 1974లో ఐజీ ఇండెక్స్ పెట్టాడు. వ్యాపారం ఎంత పండిందంటే, 2001లో కన్జర్వేటివ్ పార్టీకి ఆయన ఒక్కడే 50 లక్షల పౌండ్ల విరాళం ఇచ్చాడు. పందెం కట్టించుకునే వైపు కూర్చుంటే ఉండే సుఖం అది.

మరి బ్రిటన్ ఖజానా ఇంత ఉదారంగా ఎందుకు ఉంది? లాభం మీద పన్ను వేస్తే నష్టాన్ని మినహాయించుకునే హక్కూ ఇవ్వాలి. ఎక్కువమంది పోగొట్టుకునే చోట ఆ లెక్క సర్కారుకు గిట్టుబాటు కాదు. స్ప్రెడ్ బెట్టింగ్, దాని తోబుట్టువు లాంటి సీఎఫ్‌డీల (ధర తేడా మీద కుదిరే ఒప్పందాల) మీద 2018లో ఆంక్షలు పెడుతూ యూరప్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్మా చెప్పిన లెక్క ప్రకారం, సామాన్య మదుపరుల ఖాతాల్లో 74 నుంచి 89 శాతం నష్టాల్లోనే ఉంటాయి. పన్ను మినహాయింపును వరంగా చూసేవాళ్లు ముందు ఈ అంకె చూడాలి. లాభమే లేనివాడికి పన్ను మాఫీ దేనికి?

పన్ను లెక్కలో ఇది పందెమే అయినా, అజమాయిషీ మాత్రం బ్రిటన్ ఆర్థిక మార్కెట్లను చూసే ఎఫ్‌సీఏది. జూదం బాకీ కోర్టుకెక్కదన్న పాత ధీమా కూడా ఇక్కడ పనికిరాదు. ఈ బాకీలను కోర్టు ద్వారా రాబట్టుకోవచ్చని 1991లోనే సిటీ ఇండెక్స్ అనే స్ప్రెడ్ బెట్టింగ్ కంపెనీ కేసులో అప్పీలు కోర్టు తేల్చేసింది.

ఇదంతా ఆ దేశం తన గడప లోపల చేసుకున్న ఏర్పాటు. సరిహద్దు దాటితే కథ మారుతుంది. ఐర్లాండ్‌లో దాదాపు ఇదే పద్ధతి. ఆస్ట్రేలియాలో సీఎఫ్‌డీలకు అనుమతి ఉంది, లాభం మీద పన్నూ ఉంది. అమెరికాలో సామాన్య మదుపరికి స్ప్రెడ్ బెట్టింగ్, సీఎఫ్‌డీలు రెండూ అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. అంతకంటే తమాషా ఏమిటంటే, గ్రీన్‌కార్డు చేతిలో ఉంచుకుని లండన్‌లో పనిచేసే తెలుగువాడికి అక్కడ కూడా ఇది పన్ను లేని సొమ్ము కాదు. గ్రీన్‌కార్డుదారు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికాకు లెక్క చెప్పాల్సిందే. చాలా కంపెనీలు అమెరికా వ్యవహారం అనగానే ఖాతా ఇవ్వకుండా తలుపు మూసేస్తాయి.

తిరిగొచ్చేవాళ్ల సంగతి ఇంకొంచెం నిదానంగా చూడాలి. రిజర్వ్ బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా విదేశాలకు పంపుకోవచ్చు. పిల్లల చదువుకు, వైద్యానికి, అమెరికా షేర్లకు కూడా. కానీ విదేశీ ఎక్స్ఛేంజీకో, అవతలి పార్టీకో మార్జిన్‌గా గానీ, మార్జిన్ కాల్ (అదనపు జమ కోరే పిలుపు) తీర్చడానికి గానీ పంపకూడదని అదే పథకం స్పష్టంగా చెబుతోంది. ‘లిమిట్ ఉందిగా’ అని వాదించేవాళ్లు ఈ షరతు దాకా చదవరు.

బ్రిటన్‌లో నివసించినప్పుడు కూడబెట్టుకున్న డబ్బును తిరిగొచ్చాక కూడా అక్కడే ఉంచుకునే వెసులుబాటు మన విదేశీ మారక చట్టం ఫెమాలో ఉంది. కాబట్టి ఖాతాలో మిగిలిన పౌండ్లు వాటంతట అవి నేరం కావు. భీమవరంలో కూర్చుని వాటితో కొత్త పందేలు కాయడం వేరే సంగతి. గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీ బయట షేరు ధర మీద కాసే పందేన్ని ఇక్కడ డబ్బా ట్రేడింగ్ అంటారు. అది నేరం. లండన్ యాప్ ఎంత సూటూబూటూ వేసుకున్నా దానికి దగ్గరి చుట్టమే. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలపై తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో కొరడా ఝుళిపించాయి, 2025లో పార్లమెంటే నిషేధం తెచ్చింది. ఇలాంటి వాతావరణంలో ‘మన చట్టంలో స్ప్రెడ్ బెట్టింగ్ అనే పేరు లేదు కదా’ అన్న లాయరు పాయింటు మీద ఉన్నదంతా ఒడ్డడం తెలివి అనిపించుకోదు.

పన్ను విషయంలో కూడా తెరిపి కొద్దికాలమే. చాలా ఏళ్లు బయట ఉండి వచ్చినవాళ్లకు మొదట్లో విదేశీ ఆదాయం మీద మినహాయింపు దొరకొచ్చు. పూర్తి స్థాయి నివాసి అయ్యాక మాత్రం విదేశీ ఖాతాలు రిటర్నులో చూపించాలి. దాస్తే నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా ఉంది. స్థిరాస్తి కాకుండా మిగతా విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షలకు మించకపోతే ఆ జరిమానా వద్దని 2024 అక్టోబరు నుంచి సడలించారు గానీ, పన్ను వద్దనలేదు. దాగుతుందని అనుకోవడానికీ లేదు, ఖాతాల వివరాలు దేశాల మధ్య వాటంతట అవే చేతులు మారే ఒప్పందంలో భారత్ 2017 నుంచీ ఉంది.

అయినా కొందరు లండన్‌లో ఉండే ఫ్రెండ్ అడ్రస్ ఇచ్చేసి, వీపీఎన్ పెట్టుకుని కొనసాగిస్తారు. డబ్బు వేసేటప్పుడు అన్నీ సజావుగానే నడుస్తాయి. తీసుకోబోయేటప్పుడు కంపెనీకి అనుమానం వస్తుంది, అడ్రస్ రుజువు అడుగుతుంది. నివాసం మారితే తెలపాలన్న షరతుకు ఖాతా తెరిచిన రోజే ఒప్పుకుని ఉంటారు కాబట్టి వాదించడానికి నోరుండదు. నష్టం వచ్చినప్పుడు ఎవరూ పత్రాలు అడగరన్నది కూడా గమనించాలి.

ఇంకో దారి కంపెనీయే చూపిస్తుంది. బ్రిటన్ విడిచిన ఖాతాదారును బహామాస్‌లోనో సీషెల్స్‌లోనో ఉన్న సోదర సంస్థకు మార్చడం ఈ రంగంలో మామూలే. లోగో అదే, రంగు అదే, రక్షణ వేరు. దాని విలువ తెలియాలంటే 2015 జనవరి 15 గుర్తుచేసుకోవాలి. ఆ ఉదయం స్విస్ కేంద్ర బ్యాంకు యూరోతో తన కరెన్సీకి ఉన్న 1.20 కట్టుబాటును చెప్పాపెట్టకుండా ఎత్తేసింది. నిమిషాల్లో ఫ్రాంక్ ఎగిసింది. స్టాప్ లాస్‌లు (నష్టం ఓ హద్దు చేరగానే పందెం మూసేయమన్న ఆదేశాలు) పెట్టుకున్నవాళ్లకు కూడా ఆ ధర దొరకలేదు. ఖాతాలు సున్నా దాటి మైనస్‌లోకి పోయాయి, బ్రోకరు అల్పారీ బ్రిటన్ సంస్థ దివాలా తీసింది. ఆ తర్వాతే కదలిక వచ్చింది. ఖాతాలో ఉన్నదానికి మించి సామాన్య మదుపరి నష్టపోకూడదు, మార్జిన్ మీద మోసే బరువు, అంటే పరపతి, 30 రెట్లు దాటకూడదు అన్న నిబంధనలను ఎఫ్‌సీఏ 2019లో శాశ్వతం చేసింది. సంస్థ మునిగితే అర్హత ఉన్న ఖాతాదారుకు 85,000 పౌండ్ల దాకా పరిహార నిధి ఉంది. ఇవేవీ దీవుల్లోని సోదర సంస్థకు వర్తించవు. 500 రెట్ల పరపతి ఇస్తామని అది ప్రకటించుకుంటే అది బహుమతి అనుకునేవాళ్లూ ఉన్నారు.

మన వైపు లోపం లేకపోలేదు. అనుమతి లేని ఫారెక్స్ వేదికల జాబితాను రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులో 34 పేర్లతో విడుదల చేసింది, తర్వాత పెంచుతూ పోయింది. మంచిదే. కానీ పేరు మార్చుకుని మరో సైటు తెరవడానికి ఎంతసేపు? టెలిగ్రామ్‌లో తెలుగులో సిగ్నల్స్ అమ్మేవాళ్లకు ఆ జాబితా అడ్డే కాదు. పేర్ల పట్టీ కంటే, ‘విదేశీ మార్జిన్‌కు ఇక్కడి నుంచి డబ్బు పంపరాదు’ అన్న ఒక్క వాక్యం సొమ్ము పంపే ప్రతి బ్యాంకు యాప్ తెర మీద తెలుగులో కనిపిస్తే ఎక్కువమంది ఆగుతారు.

తిరుగు ప్రయాణం ఖాయమైనవాళ్లు టికెట్ తీసుకున్న వారంలోనే పొజిషన్లన్నీ మూసేసి, సొమ్మును తమ పేరున ఉన్న బ్రిటన్ బ్యాంకు ఖాతాకు రప్పించుకుని, గడిచిన సంవత్సరాల స్టేట్‌మెంట్లు దించుకోవాలి. కొత్త అడ్రస్ తెలిపి ఖాతా రద్దు చేయించుకోవడం ఆ తర్వాత. కంపెనీ మధ్యలో అడ్రస్ రుజువు అడిగినా, కరెంటు బిల్లు ఇంకా తమ పేరు మీదే వస్తున్న ఇంట్లో ఉండగానే ఆ పని తేలిపోతుంది.